అల్లుడి పడవకు వడ్డీ లేని అడ్వాన్సా, మీ డిపాజిట్ మీద అప్పా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా నాగార్జునసాగర్. జలాశయంలో చేపలు పట్టి అమ్ముకునే కుటుంబం. మా బిడ్డను కృష్ణా జిల్లా నాగాయలంక వైపు ఒక తీరగ్రామానికి ఇచ్చాం. మొంథా తుఫానుకు వాళ్ల పడవ పగిలింది, వలలు కొట్టుకుపోయాయి, ఇంట్లోకి నీళ్లు వచ్చి వెనక గోడ కూలింది. వేట సరుకు కొనే షావుకారు వడ్డీ లేకుండా 2 లక్షలు ఇస్తానంటున్నాడు. నా ముసలితనానికని దాచుకున్న 6 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. దాన్ని తీసి ఇవ్వాలా?

జవాబు: 2025 అక్టోబరు 28 రాత్రి తీరం దాటిన ఆ తుఫాను వానలకే మరునాడు మన దేవరకొండ వైపు వాగులు పొంగాయి కనుక, మీ బిడ్డ ఇంటి కష్టం ఎంతటిదో ఇక్కడివారికి విడిగా చెప్పనక్కరలేదు. డిపాజిట్ తీయకండి, షావుకారు సొమ్మూ తీసుకోనివ్వకండి.

వడ్డీ లేదన్న మాట నిజమే కావచ్చు, కానీ పట్టిన చేపంతా తనకే, తాను చెప్పిన ధరకే పోయాలన్నది ఆ అడ్వాన్సుకు షరతుగా ఉంటుంది. ఉదాహరణకు కిలోకు 20 రూపాయలు తగ్గించి, రోజుకు 40 కిలోల చొప్పున నెలలో 20 రోజులు కొన్నాడనుకుంటే, మీ అల్లుడు నెలకు 16,000 రూపాయలు వదులుకున్నట్టే. పైగా అసలు 2 లక్షలు అలాగే నిలిచి ఉంటాయి. అదే మీ డిపాజిట్‌ను హామీగా పెట్టి బ్యాంకులో 2 లక్షలు తీసుకుంటే, డిపాజిట్ వడ్డీ కన్నా సాధారణంగా ఒకటి, రెండు శాతమే ఎక్కువ పడుతుంది. 8 శాతం అనుకున్నా ఏడాదికి 16,000. అక్కడ నెలకు పోయేది ఇక్కడ ఏడాదికి.

ఈ డబ్బు ముందు పడవకూ వలలకూ వెళ్లాలి, గోడకు కాదు. 2009 అక్టోబరు వరద తర్వాత అలంపురంలో నేను చూసిన ఒక ఇంట్లో, వచ్చిన సాయమంతా పెట్టి గోడలు లేపి సున్నం వేయించారు; ఆ ఇంటికి అన్నం పెట్టిన కుట్టుమిషను మాత్రం తుప్పుపట్టి వసారాలోనే ఉండిపోయింది. ఆ దృశ్యం నన్ను ఇప్పటికీ వదలదు. గోడకు ఈ ఏడాది రేకులు అడ్డం పెట్టుకోవచ్చు.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం కనుక, వాయిదాలను పది నెలలకే లెక్కవేసుకోండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో ఇచ్చిన 20,000 రూపాయల నిషేధ భృతి వంటిది వస్తే దాన్ని ఇంటి ఖర్చుకే ఉంచాలి. మత్స్యకారులకూ కిసాన్ క్రెడిట్ కార్డు ఉంది, సకాలంలో కడితే వడ్డీ 4 శాతానికి దిగుతుంది. మంజూరుకు సమయం పడుతుంది కనుక దరఖాస్తు ఇప్పుడే పెట్టించండి, వచ్చాక వలలు, డీజిలు, ఐసు ఖర్చులకు వాడుకుంటారు. నష్టపరిహారం జాబితాలో పడవ పేరు ఎక్కిందో లేదో మత్స్యశాఖ కార్యాలయంలో స్వయంగా చూసుకోవాలి, రిజిస్ట్రేషన్ పత్రం, పగిలిన పడవ ఫొటోలు వెంట ఉండాలి.

సొమ్ము బ్యాంకు ఖాతా ద్వారానే పంపండి. బిడ్డకు ఇచ్చినా, అల్లుడికి ఇచ్చినా వారికి దానిపై ఆదాయపు పన్ను లేదు. ఇది అప్పా, పెట్టుపోతా అన్నది మాత్రం ఇద్దరినీ కూర్చోబెట్టి ఇప్పుడే చెప్పండి. షావుకారుకు జవాబు చెప్పేలోగా పాత అడ్వాన్సు ఏమైనా మిగిలి ఉందేమో బిడ్డను అడగండి; ఉంటే ఈ 2 లక్షల్లో ముందు తీర్చవలసింది అదే, ఎందుకంటే అది తీరేదాకా కొత్త పడవలో పట్టిన చేప కూడా అతని తూకానికే వెళ్తుంది.