హోలీ మన పండగేనా? పక్కింటోళ్ళు రంగు తెస్తే ఏం చెయ్యాలి?

ప్రశ్న: అక్కా, మేం సీతమ్మధారలో కొత్త ఫ్లాట్‌లోకి మారాం. మా ఫ్లోర్‌లో ఒకరు మార్వాడీలు, ఒకరు నేవీలో చేసే యూపీ వాళ్ళు, ఇంకొకరు బెంగాలీలు. హోలీకి రంగులు పట్టుకుని అందరి తలుపులూ కొడతారంట. మా అత్తగారేమో అది మన పండగ కాదు, తలుపు తియ్యొద్దు అంటున్నారు. పైగా మా మామగారు పోయి ఏడాది కాలేదు. ఏం చెయ్యమంటారు?
– ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ అత్తగారిని ఒక్క మాట అడగండమ్మా, హిరణ్యకశిపుడి చెల్లెలు హోలిక ఎవర్ని ఒళ్ళో పెట్టుకుని మంటల్లో కూర్చుంది? ప్రహ్లాదుణ్ణే కదా, ఆ ప్రహ్లాదుణ్ణి సముద్రంలో పడేసి మీద కొండ పెడితే స్వామొచ్చి కాపాడిన చోటే మన సింహాచలం అని స్థలపురాణం చెప్తోంది, మరి మనది కాకుండా ఎలా పోద్ది? ఫాల్గుణ పౌర్ణమికి సింహాచలంలో డోలోత్సవం ఎప్పట్నించో ఉంది. ఉత్సవమూర్తుల్ని కొండ దిగువకి తీసుకొచ్చి ఉయ్యాల ఊపుతారు, వసంతాలు చల్లుతారు. ఆ రోజే సింహాచలం స్వామి అప్పన్న తన చెల్లెలు పైడితల్లమ్మని పిల్లనిమ్మని అడుగుతాడని మనవాళ్ళ నమ్మకం, తర్వాత చైత్ర శుద్ధ ఏకాదశికి కల్యాణం. ఇంకా మన తెలుగోళ్ళు చాలామంది దీన్ని కాముని పున్నమి అంటారు, తపస్సు చెడగొట్టబోయిన మన్మథుణ్ణి శివుడు మూడో కన్ను తెరిచి కాల్చేసిన రోజు. ఇన్ని ఉన్నాక తలుపేసుకోవడం నాకైతే నచ్చలేదు.

ఇక మామగారి సంగతి. ఏటి లోపు పండగ చేసుకోకపోవడం మన పద్ధతి, దాన్ని వదలమని నేను చెప్పను. కానీ ముందు రోజే లిఫ్ట్ దగ్గర కనిపించినప్పుడు ‘మా ఇంట్లో ఇలా జరిగిందండీ, ఈసారి ఆడం’ అని చెప్పేస్తే సరిపోతుంది, ఎవరూ ఏమీ అనుకోరు. ఒక్కటి గుర్తుంచుకోండి, ఉత్తరాదిలో చాలాచోట్ల మనిషి పోయిన ఇంటికి మొదటి హోలీకి అయినవాళ్ళే వెళ్ళి కాస్త గులాల్ (పొడి రంగు) పెట్టి వస్తారు, ఇక దుఃఖం చాలు అని. అలా మీ నుదుటి మీద చిటికెడు పెట్టబోతే అవమానం అనుకోకండి, ఇష్టం లేకపోతే దణ్ణం పెట్టి వద్దనండి. స్వీట్ ప్లేట్ తెస్తే మాత్రం తీసుకోండి, ఆ ప్లేటు ఖాళీగా తిరిగివ్వకండి, నాలుగు పళ్ళు పెట్టి ఇచ్చినా చాలు.

ప్రశ్న: మా బెంగాలీ ఫ్రెండ్ ఒక రోజు, మా మార్వాడీ ఓనర్ మర్నాడు ఆడతారు. ఏది కరెక్ట్?
– ఓ స్టూడెంట్, గాజువాక

జవాబు: రెండూ కరెక్టే బాబూ. బెంగాలీలకి పౌర్ణమి రోజే డోల్, ఆ తిథి చైతన్య మహాప్రభు పుట్టిన రోజు కూడా (1486). ఉత్తరాది వాళ్ళు పౌర్ణమి రాత్రి మంట వేసి, తెల్లారి రంగులాడతారు. బెంగాలీ ఇంటికి వెళ్తే ముందు పెద్దవాళ్ళ పాదాల మీద కాస్త అబీర్ (పొడి రంగు) పెట్టి దణ్ణం పెట్టు, ఆ తర్వాతే నీ ఫ్రెండ్ మొహం. ఆడపిల్లల్ని అడక్కుండా ముట్టుకోకూడదు, ‘బురా న మానో’ (ఏమీ అనుకోకండి) అనేది దానికి లైసెన్స్ కాదు. ఆ వెండి రంగు పెయింటు, గుడ్లు, వీధికుక్కల మీద పొయ్యడం, అవన్నీ పండగెలా అవుతాయో నాకు తెలీదు. పసుపు నీళ్ళలో కాస్త సున్నం కలిపితే చక్కటి ఎరుపొస్తుంది, అదే మన పాత వసంతం, సున్నం మాత్రం చిటికెడే, కళ్ళల్లో పడనివ్వకండి. ముందే తలకీ ఒంటికీ కొబ్బరినూనె దట్టంగా రాసుకో, రంగు తేలిగ్గా వదుల్తుంది. కడుక్కోవడానికి మాత్రం ఆర్కే బీచ్‌లో దిగకు, అక్కడ అల వెనక్కి లాగితే ఈతొచ్చినవాడు కూడా బయటికి రాలేడు, ఇంట్లో బకెట్ నీళ్ళు చాలు.