అక్కకి లెక్క చెప్పడానికా చదువుతున్నారు?

ప్రశ్న: నా వయసు 44. చిన్నప్పట్నుంచీ పుస్తకాల పురుగుని. ఈ మధ్య చదువు అస్సలు సాగట్లేదు. పోయిన నెలలో ఏడు పుస్తకాలు మొదలుపెట్టి రెండే పూర్తి చేశాను. ఏడొందల పేజీల చారిత్రక నవల 140వ పేజీలో ఆగింది. పద్నాలుగు కథల సంపుటిలో ఆరు చదివాను. ఒక ఆత్మకథ, ఒక వ్యాసాల పుస్తకం, అలవాట్లు మార్చుకోవడం ఎలా అని నేనే కొనుక్కున్న పుస్తకం ముప్ఫై నలభై పేజీలు దాటలేదు. పూర్తయినవేమిటో చెప్పాలంటే సిగ్గుగా ఉంది: మా అమ్మాయి అల్మరాలో దొరికిన పిల్లల నవల, ఫోన్లో చదివిన ఓ డిటెక్టివ్. రాత్రి పడుకుని చదువుతుంటే రెండు పేజీలకే కళ్లు లాగేస్తున్నాయి. ఏడాది క్రితం ప్రోగ్రెసివ్ కళ్లజోడు కూడా తీసుకున్నాను. మా అక్క నాకన్నా పద్నాలుగేళ్లు పెద్ద. నాకు అక్షరాలు దిద్దించింది తనే. ఇప్పటికీ పుస్తకాలు పంపేదీ తనే. ప్రతి ఆదివారం రాత్రి ఫోన్ చేసి ఎంతవరకొచ్చావని అడుగుతుంది. నెలాఖరున మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఎవరెన్ని చదివారో పెడుతుంది. తనవి ఎప్పుడూ ఎనిమిదికి తగ్గవు. ఈసారి ఆ చారిత్రక నవల అయిపోయిందని అబద్ధం చెప్పాను. చివర్లో చిన్నరాణి చేసిన పని నీకెలా అనిపించిందని అడిగితే తడబడ్డాను. ‘సరేలే’ అని ఫోన్ పెట్టేసింది. ఏకాగ్రత రావాలంటే రోజుకి ఎన్ని పేజీలు టార్గెట్ పెట్టుకోవాలి? ఆ గ్రూపులోంచి బయటికొచ్చేయనా?

జవాబు: టార్గెట్ సంగతి ముందే తేల్చేద్దాం. వద్దు. పదీ వద్దు, యాభై వద్దు. ఇప్పుడున్న లెక్కలే మీ చదువు గొంతు మీద కూర్చున్నాయి, ఇంకోటి ఎందుకు?

మీ ఉత్తరాన్ని పైన కుదించి వేశాం. అసలుది నాలుగు పేజీలు. అందులో ఏకాగ్రత గురించి రాసింది రెండు వాక్యాలు. మిగతాదంతా అక్క. అక్క పంపింది, అక్క అడిగింది, అక్క ఏమనుకుందో. పనిలో అలసిపోయిన రోజున కూర్చుని, ఒక్క కొట్టివేత లేకుండా నాలుగు పేజీలు రాసిన మనిషికి ఏకాగ్రత లేదంటే నేను నమ్మను.

మీ జాబితానే మళ్లీ చూడండి. ఆగిపోయిన అయిదింటిలో నాలుగు అక్క పంపినవి. అయిదోది, ఆ నాలుగూ చదవలేకపోతున్నానని మీరు కొనుక్కున్నది. పూర్తయిన రెండూ అక్కకి తెలియనివి. పిల్లల నవల చదువుతూ రాత్రి పన్నెండుదాకా నవ్వుకున్నానని మీరే రాశారు. అంటే చదివే శక్తి ఎక్కడికీ పోలేదు. ఎవరూ అడగరని తెలిసినచోట హాయిగా సాగుతోంది, ఆదివారం రాత్రి జవాబు చెప్పుకోవాల్సినచోట మొరాయిస్తోంది. దీన్ని రీడింగ్ స్లంప్ (కొన్నాళ్లపాటు చదువు సాగకపోవడం) అంటే నేను ఒప్పుకోను.

అలాగని అన్నీ అక్క నెత్తిన వేయడం కూడా అన్యాయమే. ఆ చారిత్రక నవల మీకు నచ్చింది, ఓడ ప్రయాణం భాగం బావుందని ప్రత్యేకంగా రాశారు. నచ్చిన పుస్తకం 140 దగ్గర ఎందుకాగింది? దానికి వేరే కారణాలున్నాయి. ముందు వాటిని చూద్దాం.

మొదటిది కళ్లజోడు. ప్రోగ్రెసివ్ అద్దంలో దూరం చూడ్డానికి పనికొచ్చే పవర్ పైభాగంలో ఉంటుంది, చదవడానికి కావలసింది అడుగున చిన్న మేరలో ఉంటుంది. కుర్చీలో కూర్చుని పుస్తకం ఒళ్లో పెట్టుకుంటే చూపు సహజంగా కిందికి వాలుతుంది కాబట్టి ఇబ్బంది ఉండదు. దిండు మీద వెల్లకిలా పడుకుని పుస్తకం మొహానికి ఎదురుగా పట్టుకుంటే మాత్రం మీరు అద్దం మధ్యలోంచో పైనుంచో చూస్తున్నారన్నమాట. అక్షరం అలుక్కుపోతుంది. తెలియకుండానే గడ్డం పైకెత్తుతారు, మెడ పట్టేస్తుంది, చదివిన లైనే మళ్లీ చదువుతారు, ఆఖరికి నిద్రొస్తోందనుకుని లైటు తీసేస్తారు. నిద్ర రావడానికీ కళ్లు లాగడానికీ తేడా ఉంది. పుస్తకం మూశాక పావుగంట ఫోన్ చూడగలుగుతుంటే అది నిద్ర కాదు. చత్వారం నలభైల్లో ఏటేటా కొంత పెరుగుతుంది కాబట్టి ఏడాది కిందటి నంబరు ఇప్పటికి సరిపోకపోవచ్చు. మళ్లీ పరీక్ష చేయించుకుని, దగ్గర చూపుకి మాత్రమే పనికొచ్చే జోడు విడిగా ఒకటి చేయించుకోండి. పుస్తకం ఎంత దూరంలో పట్టుకుంటారో అక్కడ చెప్పండి, చాలామందికి అది 40 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. పరీక్ష లేకుండా రెండు కళ్లకీ ఒకే పవర్ ఉన్న రెడీమేడ్ జోడు కొనేయకండి. మీ రెండు కళ్ల నంబరూ ఒకటే అయ్యుండాలని లేదు. దీపం భుజం వెనకనుంచి పేజీ మీద పడాలి, ఎదురుగా కళ్లలో పడకూడదు.

రెండోది మీరు చేస్తున్న తప్పు. వారం పదిరోజులు విరామం వచ్చి, పాత్రలు గుర్తులేక, మళ్లీ మొదటి పేజీనుంచి మొదలుపెట్టారు. అదీ మూడుసార్లు. మొదటి అరవై పేజీలు మూడేసిసార్లు చదివితే ఎంత మంచి నవలైనా విసుగే పుట్టిస్తుంది, ఎందుకంటే కొత్తగా ఏమీ జరగదు. పెద్ద నవలకి పట్టే ఉపాయం వేరు. అరచేయంత కాగితాన్ని బుక్‌మార్క్‌గా పెట్టుకోండి. కొత్త పేరు తగిలినప్పుడల్లా పేరు, ఎవరికి ఏమవుతారు, కనబడిన పేజీ నంబరు రాయండి. అధ్యాయం అయ్యాక ఏం జరిగిందో ఒక్క లైను. అంతకుమించి రాయొద్దు, రాస్తే అది నోట్సు అయిపోయి మళ్లీ పరీక్షలా తయారవుతుంది. విరామం తర్వాత ఆ కాగితం చూసుకుని, ఆగినచోటికి నాలుగైదు పేజీలు వెనక్కెళ్లి అందుకోండి. ఒకరిద్దరు పాత్రలు గుర్తు రాకపోతే కొంపలేమీ మునగవు. అవసరమైనవాళ్లని రచయితే మళ్లీ గుర్తుచేస్తాడు. ఆపేటప్పుడు అధ్యాయం చివర కాకుండా సన్నివేశం మధ్యలో ఆపండి. అధ్యాయం చివర ఆపితే మర్నాడు కొత్త అధ్యాయంలోకి ఎక్కే శ్రమ మీదే, మధ్యలో ఆపితే కథే లాక్కుంటుంది.

వేళ కూడా మార్చాలి. రాత్రి పదకొండుకి మిగిలేది రోజంతా వాడేసిన బుర్ర. పొద్దున గాని, మధ్యాహ్నం విరామంలో గాని ఇరవై నిమిషాలు తీసుకోండి, ఫోన్ వేరే గదిలో పెట్టి. పేజీకి రెండు నిమిషాలు పట్టినా పది పేజీలు. రోజూ కుదిరితే నెలకి మూడొందలు, అంటే ఓ మాదిరి నవల. ఇది టార్గెట్ కాదు, ఇరవై నిమిషాల్లో ఏం పడుతుందో చెబుతున్నానంతే. మూడు పేజీలే అయినా ఇరవై నిమిషాలు కాగానే లేవండి.

మిగతా పుస్తకాల సంగతి త్వరగా. కథల సంపుటి ఆగిపోయిందనే మాటే తప్పు. ఆరు కథలు చదివారు, అవి ఆరు పూర్తి రచనలు. ఒక పూటకి ఒకే కథ చదవండి. రెండోది వెంటనే మొదలుపెడితే మొదటిది చెరిగిపోతుంది. వరసలో చదవాలనే నియమం కూడా లేదు. వ్యాసాల పుస్తకానికీ అదే పద్ధతి. ఆత్మకథలో బాల్యం విసుగనిపిస్తే ఆ మనిషి మీకు ఎందుకు తెలుసో ఆ ఘట్టానికి దూకేయండి. అప్పటికీ పట్టకపోతే వదిలేయండి. అలవాట్ల పుస్తకం ఎవరికైనా ఇచ్చేయండి.

వదిలేయడమంటే మీకు పాపభీతి ఉన్నట్టుంది. నాన్సీ పెర్ల్ అనే అమెరికన్ లైబ్రేరియన్ చెప్పిన లెక్కొకటుంది: యాభై ఏళ్లలోపువాళ్లు ఏ పుస్తకానికైనా 50 పేజీలు అవకాశమివ్వాలి, యాభై దాటినవాళ్లు 100లోంచి వయసు తీసేస్తే ఎంతో అన్ని పేజీలే. మీకు 50. అక్కకి 42. మన గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో రెండోది ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, మూడోది ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. అక్క పుస్తకానికి అక్క దొరికింది. అదే పుస్తకానికి మీరు కూడా దొరకాలని ఆయనెక్కడా చెప్పలేదు.

ఇప్పుడు అసలు విషయం. నలభై నాలుగేళ్ల మనిషి, ఇల్లూ ఉద్యోగమూ నడుపుతున్న మనిషి, చదవని పుస్తకం చదివానని అబద్ధమాడాల్సి వచ్చిందంటే ఆ బంధంలో ఎక్కడో మీరింకా పలక పట్టుకునే నిలబడ్డారు. అక్షరాలు దిద్దించిన రుణం చిన్నదని అనను. అమ్మ తర్వాత అమ్మలాంటి అక్క మీద గౌరవం ఉండాల్సిందే. కానీ పెద్దవాళ్లని గౌరవించడం వేరు, వాళ్లకి హాజరు పట్టీ ఇవ్వడం వేరు. ఆ రెండోది అక్క అడగొచ్చు, మీరు ఇవ్వక్కర్లేదు. ఇన్నాళ్లూ ఇచ్చింది మీరే.

అబద్ధం మాత్రం దిద్దుకోవాలి. ఇందులో నాకు రెండో మాట లేదు. ‘సరేలే’ అందంటే అక్కకి తెలిసిపోయింది. తెలిసీ ఊరుకుంది. ఆదివారం ఫోన్‌దాకా ఆగకండి. ఆ పూట తను అడిగే వరసలో ఉంటుంది, మీరు జవాబు చెప్పే వరసలో ఉంటారు. మధ్యలో ఓ రోజు, బావగారు పక్కన లేని వేళ చూసి మీరే చేయండి. మాట చిన్నదిగా ఉండాలి: “అక్కా, ఆ నవల నేను పూర్తి చేయలేదు. 140 దగ్గర ఆగిపోయాను. అయిపోయిందని నీకు అబద్ధం చెప్పాను. నువ్వు చిన్నబుచ్చుకుంటావని భయపడ్డాను.” అక్కడ ఆగండి. కళ్లజోడు, ఆఫీసు, పిల్ల పరీక్షలు ఒక్కటీ ఎత్తొద్దు. కారణాలు కలిపిన కొద్దీ అది సంజాయిషీ అవుతుంది. ‘నువ్వు గ్రూపులో పెడతావు కదా, అందుకే’ అని అసలే అనొద్దు. తప్పు ఒప్పుకోవడానికి ఫోన్ చేసి నేరం మోపినట్టవుతుంది, సంభాషణ అక్కడే చెడుతుంది.

లెక్కల మాట ఇంకో రోజు. “ఇకమీదట గ్రూపులో నా పేరు పెట్టకక్కా, అది చూస్తే నాకు చదవాలనిపించట్లేదు.” అక్క బహుశా అంటుంది: “పుస్తకాల గురించి అడగడం కూడా తప్పేనా?” మీరు వెనక్కి తగ్గొద్దు, గొంతూ పెంచొద్దు. “అడుగు. ఎన్నయ్యాయని మాత్రం అడక్కు.” నాలుగు రోజులు ముభావంగా ఉండొచ్చు. ఉండనివ్వండి. బుజ్జగించడానికి మళ్లీ ఆ ఏడొందల పేజీలు తలకెత్తుకోకండి.

అక్క వైపునుంచి కూడా ఒక్క మాట. పిల్లలిద్దరూ దూరాన స్థిరపడ్డారని, బావగారు రిటైరయ్యాక టీవీ ముందునుంచి లేవట్లేదని మీరు రాశారు. అలాంటి ఇంట్లో నెలకి ఎనిమిది పుస్తకాలు చదివే ఆవిడ ఆదివారం రాత్రి చెల్లెలికి చేసే ఫోన్‌లో ఇంకేం మాట్లాడుతుంది? మోకాళ్ల నొప్పి గురించి చెప్పుకునే అలవాటు మీ ఇద్దరి మధ్యా లేదు. పుస్తకమే అడ్డంపెట్టుకుని పలకరిస్తోంది. పలకరింపు ప్రశ్నపత్రంలా తయారైంది, అదీ చిక్కు. కాబట్టి ఫోన్ కాల్ మానొద్దు. ముందు మీరే అడగండి: నిద్ర పడుతోందా, బావ బయటికి కదులుతున్నాడా, ఈ వారం నువ్వు చదివినదాంట్లో ఏ పేజీ మళ్లీ వెనక్కి తిప్పావు. అడిగేవాళ్లు దొరికితే అక్క మిమ్మల్ని అడగడం దానంతటదే తగ్గుతుంది. మీ టేబుల్ మీదున్న తన పుస్తకాల్లో మీకు పట్టనివి తిరిగి ఇచ్చేయండి. ఓడ ప్రయాణం ఉన్నది ఉంచుకోండి, మీకు నచ్చింది కాబట్టి. బదులుగా ఆ పిల్లల నవల అక్కకి పంపండి. సిగ్గుపడుతూ కాదు, ఎక్కడ నవ్వొచ్చిందో ఆ పేజీలో చీటీ పెట్టి పంపండి. ఇన్నేళ్లలో మీరు అక్కకి పంపిన పుస్తకం ఒక్కటైనా ఉందా? మీ ఉత్తరంలో నాకు కనబడలేదు.

ఇంకొక్క జాగ్రత్త. పుస్తకాలే కాకుండా పాట, సినిమా, మనుషులు, దేనిమీదా మనసు పోకుండా రెండు వారాలు దాటినా, నిద్రా ఆకలీ తారుమారైనా అది స్లంప్ అని సరిపెట్టుకోకుండా డాక్టర్‌ని కలవండి. ఈ వయసులో థైరాయిడ్, రక్తహీనత కూడా చూపించుకోవలసినవే. మీ ఉత్తరంలో ఆ లక్షణాలు కనబడలేదు, అయినా చెప్పడం నా బాధ్యత.

గ్రూపులోంచి బయటికి రావద్దు. వస్తే పొద్దున్నే వదినలూ పిన్నులూ ఏమైందంటూ ఫోన్లు చేస్తారు, అక్కతో ఇద్దరిమధ్యా తేలాల్సింది ఊరందరి పంచాయితీ అవుతుంది. మ్యూట్‌లో పెట్టేయండి. నెలాఖరున అక్క జాబితా పెడితే, అందులో మీ పేరు లేకపోతే, దానికింద ఒక దణ్ణం బొమ్మ పెట్టండి, చాలు.