సోషియాలజీ చదివి బడులు, పర్యావరణం మీద పరిశోధన చేస్తే హైదరాబాద్‌లో బతకగలమా?

డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నానని, సోషియాలజీలో పీజీ చేసి చదువు, పర్యావరణం రెండూ కలిసే చోట పరిశోధన చేయాలనుందని రాశారు. రోజూ చేసే పని ఎలా ఉంటుంది, దానితో ఇల్లు గడుస్తుందా అని అడిగారు. నేను 12 ఏళ్లుగా ఇదే పనిలో, ఈ ఊళ్లోనే ఉన్నాను.

ముందు పని గురించి. 1991లో న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆదేశించాక పర్యావరణం తప్పనిసరి పాఠం అయింది. ఆ పాఠం వల్ల పిల్లల్లో ఏం మారిందన్నది నా పీహెచ్‌డీ ప్రశ్న. 60 ప్రశ్నల ఫారం పట్టుకుని శంషాబాద్ అవతల ఒక ప్రభుత్వ హైస్కూలుకు వెళ్లాను. పిల్లలందరూ 'చెట్లు నాటాలి, నీరు వృథా చేయకూడదు' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చారు. అవి పాఠ్యపుస్తకంలోని వాక్యాలే. ఆ కట్ట నాకు దేనికీ పనికిరాలేదు.

ఆ బడి ఆవరణలో హరితహారం, అంటే ప్రభుత్వం మొక్కలు నాటించే కార్యక్రమం, కింద పెట్టిన మొక్కలుండేవి. వానలు పడగానే జులైలో నాటేవారు. ఏప్రిల్ చివర్లో సెలవులు వచ్చేవి, మే ఎండల్లో నీళ్లు పోసే దిక్కుండేది కాదు. జూన్‌లో బడి తెరిచేసరికి ఎండుపుల్లలు మిగిలేవి. మళ్లీ జులైలో అవే గుంతల్లో కొత్త మొక్కలు. రెండేళ్లు నోట్‌బుక్కులో లెక్క రాసుకున్నాను. వంటగది వెనక వరుస ఒక్కటే పచ్చగా ఉండేది. ఎందుకో హెడ్మాస్టరు గారికీ తెలియదు. మధ్యాహ్న భోజనం వండే అమ్మను అడిగితే, "గిన్నెలు కడిగిన నీళ్లు మేడం, యాడనో ఓ కాడ పొయ్యాలె గదా. చెట్టు మొదట్ల పోస్తున్న" అంది. ఆమె ఇల్లు బడి గోడకు ఆనుకునే ఉంది. సెలవుల్లోనూ ఇంట్లోంచి బిందె తెచ్చి పోసేది. ఎకో క్లబ్ రిజిస్టరులో మాత్రం తొమ్మిదో తరగతి అబ్బాయిల పేర్లే ఉన్నాయి.

నా థీసిస్ అక్కడే మలుపు తిరిగింది. పిల్లలకు 'అవగాహన' పెంచితే చాలని మన కార్యక్రమాలన్నీ నమ్ముతాయి. మొక్క బతకడం మాత్రం బడి క్యాలెండరు మీద, బోరులో నీళ్ల మీద, ఎవరూ లెక్కలో వేయని ఒక ఆడమనిషి చాకిరీ మీద ఆధారపడి ఉంది. దాన్ని చూసి రాయడమే సోషియాలజీ పని అని నా నమ్మకం. మన ఊరికి ఇది కొత్తేం కాదు. ఉస్మానియాలో పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త ఎస్.సి. దూబే 1950ల మొదట్లోనే హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట ఊరిని బృందంతో అధ్యయనం చేశారు.

బడుల్లోకి వెళ్లే అనుమతి కోసం డీఈవో (జిల్లా విద్యాధికారి) ఆఫీసు చుట్టూ వారాల తరబడి తిరగాల్సి వస్తుంది. టీచర్లు మొదట మిమ్మల్ని తనిఖీకి వచ్చారనుకుంటారు. స్టాఫ్ రూములో కంటే వంటగది దగ్గర ఎక్కువసేపు కూర్చోండి.

ఇక డబ్బు. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు. అంకె బాగానే ఉంటుంది, చేతికి రావడం వేరే సంగతి. నాకు ఒకసారి ఐదు నెలలు ఆగిపోయింది, గది అద్దె మా అక్క కట్టింది. పీహెచ్‌డీ అయ్యాక మూడేళ్లు ప్రాజెక్టు కాంట్రాక్టులే. పది నెలలకొకటి ముగిసేది. పర్మనెంటు పోస్టులు చాలా తక్కువ, ఈ మాట మీ ఇంట్లోవాళ్లకు ఇప్పుడే చెప్పండి. నగరంలో ఇలాంటి పని జరిగే చోట్లు మాత్రం చాలానే ఉన్నాయి: గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ, ఉస్మానియా, బేగంపేటలో సెస్ (ఆర్థిక, సామాజిక అధ్యయన కేంద్రం), రాజేంద్రనగర్‌లో ఎన్‌ఐఆర్‌డీ (జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ). స్టాటిస్టిక్స్ గట్టిగా నేర్చుకోండి, నాకు రెండు కాంట్రాక్టులు దాని వల్లే దొరికాయి. పాతబస్తీ బడుల్లోకి వెళ్లాలంటే ఉర్దూ మాట్లాడగలగాలి.

పీజీకి అప్లై చేసే ముందు ఒక పని చేయండి. ఈ జూన్‌లో మీ ఇంటి దగ్గరి సర్కారు బడి తెరిచిన వారంలో వెళ్లి, పోయినేడు నాటిన మొక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. నీళ్లు పోసిందెవరో నలుగురిని అడిగి రాసుకోండి. రాసింది ఇక్కడే పెడితే నేను తప్పకుండా చదువుతాను.