పాఠకుల ప్రశ్నలు, వైద్యుని సమాధానాలు: ఛాతీలో చేరే నీరు

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్ళు. రాజోలు దగ్గర కొబ్బరి తోట చూసుకుంటారు. చిన్నప్పటి నుంచి చుట్ట అలవాటు ఉంది. రెండు నెలలుగా కుడి పక్క బరువుగా ఉండి ఆయాసం వస్తోంది. జ్వరం లేదు గాని నాలుగు కిలోలు తగ్గారు. ఊపిరితిత్తికి నీరు పట్టిందని 900 మిల్లీలీటర్లు తీశారు. నీరు కొంచెం ఎర్రగా ఉంది. లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) 85 శాతం, ఏడీఏ (టీబీలో ఎక్కువయ్యే ఒక ఎంజైము) 28 అని, క్యాన్సర్ కణాలు కనబడలేదని రిపోర్టు వచ్చింది. 12 రోజులకే నీరు మళ్ళీ చేరింది. ఒక డాక్టరుగారు టీబీ మందులు వేసి చూద్దామన్నారు, మరొకరు థొరాకోస్కోపీ (ఛాతీలోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) చేయించమన్నారు. సూది గుచ్చినందువల్లే నీరు ఊరుతోందని బంధువులు అంటున్నారు. మేం ఏం చేయాలి?

సమాధానం: ముందు సూది గురించిన భయాన్ని తొలగించుకోండి. ఊపిరితిత్తిని అంటిపెట్టుకొని ఒక పొర, ఛాతీ గోడకు లోపలివైపు మరొక పొర ఉంటాయి; వీటినే ప్లూరా అంటాం. ఆరోగ్యవంతుల్లో కూడా ఈ పొరల మధ్య కొద్ది చెంచాల ద్రవం ఎప్పుడూ ఊరుతూ, ఎప్పటికప్పుడు లింఫ్ నాళాల ద్వారా బయటికి పోతూ ఉంటుంది. కాలువ నీరు చేలోకి రావడం, మిగులు నీరు డ్రెయిన్లోకి దిగిపోవడం మన డెల్టా రైతుకు తెలియనిది కాదు. డ్రెయిన్ పూడిపోయినా, గట్టు తెగి నీరు ఎక్కువగా వచ్చినా చేను మునుగుతుంది. ఇంజను పెట్టి తోడినా కారణం అలాగే ఉంటే మర్నాటికి మళ్ళీ నిండుతుంది. మీ నాన్నగారి విషయంలో జరిగింది ఇదే. నీరు తిరిగి చేరడం లోపలి జబ్బు వల్లనే గాని సూది వల్ల కాదు.

ఇక రిపోర్టు సంగతి. నీటిలోని ప్రోటీను, ఎల్‌డీహెచ్ అనే ఎంజైము ఎంతెంత ఉన్నాయో రక్తంలోని వాటితో పోల్చి చూసే పద్ధతిని 1972లో రిచర్డ్ లైట్, ఆయన సహచరులు ప్రతిపాదించారు. నేటికీ తొలి మెట్టు అదే. గుండె, కాలేయం, మూత్రపిండాల జబ్బు వల్ల చేరిన నీటిని, పొరకే జబ్బు చేసి ఊరిన నీటిని అది చాలావరకు వేరు చేసి చూపిస్తుంది. మీరు ఈ అంకెలు రాయలేదు. పరీక్ష జరగకపోయి ఉంటే ఈసారి నీరు తీసినప్పుడు తప్పక చేయించండి.

మన దేశంలో లింఫోసైట్లు ఎక్కువగా ఉన్న నీటిలో ఏడీఏ 40 దాటితే, లక్షణాలు కూడా సరిపోతే, టీబీ అని మందులు మొదలుపెట్టడం సబబే. మీ నాన్నగారికి ఏడీఏ 28, జ్వరం లేదు, నీరు ఎర్రగా ఉంది, బరువు తగ్గారు, ఏళ్ళ తరబడి చుట్ట కాల్చారు. ఇవన్నీ కలిపి చూస్తే టీబీ మందులు వేసి చూడడాన్ని నేను సమర్థించలేను. క్యాన్సర్ కణాలు కనబడలేదన్న మాట కూడా పూర్తి భరోసా కాదు. క్యాన్సర్ వల్ల చేరిన నీటిలోనైనా ఒక్కసారి పరీక్షిస్తే ఆ కణాలు దొరికేది పదిమందిలో ఆరుగురికే. అలాగని క్యాన్సరేనని మీరు నిశ్చయించుకోవద్దు. ఏడీఏ తక్కువగా ఉన్న టీబీ కూడా ఉంటుంది. తేల్చవలసింది పొర ముక్క.

అందుకే రెండవ డాక్టరుగారి సలహా పాటించండి. 1910లో స్వీడన్ వైద్యుడు యాకోబేయస్ మొదలుపెట్టిన ఈ పద్ధతిలో ఇప్పుడు సాధారణంగా పక్కటెముకల మధ్య మత్తు సూది వేసి, నిద్రమత్తు మందు కొద్దిగా ఇచ్చి, ఒక చిన్న గాటు గుండా కెమెరా గొట్టాన్ని పంపుతారు. నీరంతా తీసేసి, పొరను కళ్ళారా చూసి, అనుమానం ఉన్నచోట ముక్కలు తీస్తారు. పదిమందిలో తొమ్మిదిమందికి పైగా జబ్బేమిటో తేలిపోతుంది. తరువాత ఒకటి రెండు రోజులు ట్యూబు ఉంచుతారు. దీనికి ముందు, నీరు పూర్తిగా తీయక మునుపే, కాంట్రాస్ట్ (రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసే) సీటీ స్కాన్ చేయించడం మేలు. రక్తం పలుచబరిచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. ఈ సదుపాయం ప్రతి ఊళ్ళోనూ ఉండదు గనుక, కోనసీమ దాటి పెద్ద ఊరికి వెళ్ళవలసి రావచ్చు. ఈలోగా ఆయాసం ఎక్కువైతే అల్ట్రాసౌండుతో చూసి నీరు తీయించండి. ఒక్కసారిగా లీటరున్నర మించి తీయకూడదు. టీబీ అని తేలితే ఆరు నెలల మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది, మధ్యలో మానకుండా వాడితే చాలు.

ప్రశ్న: మా అమ్మకు రొమ్ము క్యాన్సర్. రెండు నెలల్లో మూడుసార్లు ఛాతీలో నీరు తీశారు. ఇప్పుడు పౌడరు వేయడమో, ఇంటి దగ్గరే నీరు తీసుకునే ట్యూబు పెట్టడమో ఏదో ఒకటి ఎంచుకోమంటున్నారు. – పాలకొల్లు పాఠకురాలు

సమాధానం: ఎక్స్‌రే చూడకుండా ఎంచుకోలేని విషయమిది. నీరు తీసిన తరువాత ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకొని ఛాతీ గోడను తాకితేనే టాల్క్ పౌడరు రెండు పొరలనూ అంటించగలదు. దానికి కొద్దిరోజులు ఆసుపత్రిలో ఉండాలి, ఒకటి రెండు రోజులు నొప్పీ జ్వరమూ రావచ్చు. ఊపిరితిత్తి విచ్చుకోకపోతే పౌడరు పనిచేయదు, ట్యూబే మార్గం. అది చర్మం కింద నుంచి లోపలికి వెళ్ళే మెత్తటి సిలికాన్ గొట్టం. నేర్పితే ఇంట్లోవారే రోజు విడిచి రోజు సీసాలోకి నీరు తీయవచ్చు. కొందరిలో కొన్ని వారాలకు నీరు ఊరడం తగ్గి ట్యూబు తీసేసే వీలు కూడా కలుగుతుంది. సీసాల ఖర్చెంతో ముందే అడిగి తెలుసుకోండి.

మీ అమ్మగారు ఆసుపత్రిలో కంటే ఇంట్లో ఉండాలని కోరుకుంటే, రెండూ సాధ్యమైన పక్షంలో నేను ట్యూబు వైపే మొగ్గుతాను. నీరు తీస్తుండగా ఛాతీలో పట్టేసినట్లున్నా, దగ్గు వచ్చినా వెంటనే ఆపాలి. ట్యూబు చుట్టూ ఎర్రబడినా, చీము కనబడినా, చలిజ్వరం వచ్చినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. కట్టు తడవకుండా చెంబుతో స్నానం చేయించవచ్చు గాని, కార్తిక మాసంలో కాలువలోనో గోదావరిలోనో మునక వేయాలని అడిగితే మాత్రం వద్దని చెప్పి, ఆ నీళ్ళే తల మీద చల్లండి.