జేఈఈ మెయిన్‌లో 91 పర్సంటైల్: లాంగ్‌టర్మ్‌కు పంపాలా, మేనేజ్‌మెంట్ సీటు తీసుకోవాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. జేఈఈ మెయిన్‌లో జనవరిలో 89, ఏప్రిల్‌లో 91.2 పర్సంటైల్ వచ్చింది. మాది ఓపెన్ కేటగిరీ. ఐఐటీ సీటు కోసం రాయాల్సిన అడ్వాన్స్‌డ్‌కు అర్హత రాలేదు. ఎనిమిదో తరగతి నుంచి ఐఐటీ ఫౌండేషన్‌లో చదివించాం. ఫలితం వచ్చిన రోజు నుంచి వాడు ఎవరితోనూ మాట్లాడడం లేదు, సరిగా తినడం లేదు, రాత్రి రెండింటి దాకా మేలుకొనే ఉంటున్నాడు. ఇంకో రెండు వారాల్లో రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ ఉంది. లాంగ్‌టర్మ్‌కు, అంటే మళ్లీ జేఈఈ రాయడానికి ఏడాది కోచింగ్‌కు, పంపమని కొందరు అంటున్నారు. ఒక ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ కోటా కింద సీఎస్ఈ ఏఐ అండ్ ఎంఎల్ (కంప్యూటర్ సైన్స్‌లో కృత్రిమ మేధ, మెషీన్ లెర్నింగ్) సీటు ఉందని, వారంలోగా అడ్వాన్సు కట్టమని చెబుతున్నారు. అందుకు ఊళ్లో ఎకరం పొలం అమ్మడానికి సిద్ధంగా ఉన్నాను. రెండింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పగలరు. (ఒక తండ్రి, కరీంనగర్ జిల్లా)

జవాబు: మీ ఉత్తరంలో పర్సంటైల్ దశాంశంతో సహా ఉంది, కాలేజీవాళ్ల గడువు ఉంది, అమ్మదలచిన పొలం విస్తీర్ణం ఉంది. అబ్బాయి ఏం చదవాలనుకుంటున్నాడో, ఈ రెండు దారుల గురించి అతడేమంటున్నాడో మాత్రం ఒక్క వాక్యం కూడా లేదు. ఏటా ఏప్రిల్, మే నెలల్లో ఇలాంటి ఉత్తరాలే వస్తాయి. అడిగేది కాలేజీ గురించే అయినా, ఇన్నేళ్లు పెట్టిన శ్రమ, డబ్బు వృథా అయ్యాయేమోనన్న తల్లిదండ్రుల భయం, అమ్మానాన్నలకు తలవంపులు తెచ్చానేమోనన్న పిల్లవాడి భయం వాటన్నిటి వెనుకా ఉంటాయి. ఈ రెండు భయాలూ ఒకే ఇంట్లో ఒకదాన్నొకటి పెంచుకుంటాయి కాబట్టి ముందు వాటి గురించి చెప్పి, ఆ తర్వాత సీటు సంగతికి వస్తాను.

91.2 పర్సంటైల్ అంటే ఏమిటో ఉన్నదున్నట్టు చూద్దాం. పరీక్ష రాసినవారిలో నూటికి 91 మంది అతడి వెనకే ఉన్నారని అర్థం. 2024లోనూ, 2025లోనూ జేఈఈ మెయిన్‌ను 14 లక్షల మందికి పైగా రాశారు. ఆ లెక్కన మీ అబ్బాయి సుమారు 1 లక్షా 30 వేల ర్యాంకు దగ్గర ఉంటాడు. అడ్వాన్స్‌డ్‌కు ఓపెన్ కేటగిరీ కటాఫ్ 2024లో 93.23, 2025లో 93.10. ఈ ర్యాంకుతో ఓపెన్ కేటగిరీలో ఎన్ఐటీ వరంగల్‌లో సీటు రాదు, సొంత రాష్ట్రం కోటాలో కూడా రాదు. ఈ మాట ఎవరో ఒకరు మీకు స్పష్టంగా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. అయితే దేశంలోని 23 ఐఐటీలలో ఉన్న సీట్లన్నీ కలిపినా దాదాపు 18 వేలు, అంటే మెయిన్ రాసినవారిలో నూటికి ఒకరిద్దరికి మాత్రమే దక్కేవి. మిగిలిన తొంభై ఎనిమిది మందీ చదువు రానివాళ్లా? ఈ పరీక్షలో సరైన జవాబుకు 4 మార్కులు, తప్పు జవాబుకు మైనస్ 1. మూడు ప్రశ్నలు తప్పయ్యే బదులు ఒప్పయితే 15 మార్కుల తేడా వస్తుంది, మధ్యస్థాయి స్కోర్ల దగ్గర ఆ తేడాతో వేలాది ర్యాంకులు అటూ ఇటూ అవుతాయి. జనవరి నుంచి ఏప్రిల్‌కు, బోర్డు పరీక్షలు మధ్యలో ఉండగా, రెండు పర్సంటైల్ పైకి వచ్చిన పిల్లవాడు సుమారు 30 వేల మందిని దాటాడు. ఇంట్లో ఎవరైనా ఆ సంగతి అతడికి చెప్పారా?

ఇప్పుడు అతడి పరిస్థితి చూడండి. మాట్లాడకపోవడం, తిండి తగ్గడం, నిద్ర పట్టకపోవడం ఒకేసారి మొదలై రోజుల తరబడి కొనసాగుతుంటే, దాన్ని మొండితనమనో ఫోన్ ప్రభావమనో కొట్టిపారేయకూడదు. ఈ రాత్రే అతడి పక్కన కూర్చోండి. పరీక్ష ఊసెత్తకుండా ఎలా ఉన్నావని అడగండి. బతకడం వృథా అన్న ఆలోచనలు వస్తున్నాయా అని కూడా నేరుగా అడగండి, ఎందుకంటే అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు, ఉన్న ఆలోచన బయటికి వస్తుంది. అవునన్నా, జవాబు చెప్పకుండా తల దించుకున్నా అతడిని ఒంటరిగా వదలకండి, మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. ఇది పిచ్చివాళ్లకు సంబంధించిన విషయం కదా అని వెనకాడే తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. జ్వరం వస్తే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లడానికి సంకోచించని మనం దీనికి ఎందుకు సంకోచించాలి?

మీ మీద గౌరవం తగ్గకుండానే కొంచెం గట్టిగా మాట్లాడతాను. పదమూడేళ్ల పిల్లవాడిని ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్చినప్పుడు ఐఐటీ అంటే ఏమిటో అతడికి తెలియదు. అది మీ కల, మీ పక్కింటివారి కల, మీ ఊళ్లో ఫ్లెక్సీ కట్టిన కాలేజీ కల. ఐదేళ్లపాటు ప్రతి వారాంతపు పరీక్షలోనూ ర్యాంకు చూసుకుంటూ, ర్యాంకు పెరిగితే ఇంట్లో నవ్వులు, తగ్గితే మౌనం చూస్తూ పెరిగినవాడు తన విలువ ఆ అంకెలోనే ఉందని నమ్మితే తప్పు అతడిది కాదు. మార్కులను బట్టి పిల్లలను వేర్వేరు బ్యాచ్‌లుగా విడదీయవద్దని, అందరి ముందూ కించపరచవద్దని సుప్రీంకోర్టు 2025 జులైలో కోచింగ్ సంస్థలకు, విద్యాసంస్థలకు మార్గదర్శకాలు ఇవ్వవలసి వచ్చింది. కాలేజీలో జరిగేది చాలదన్నట్టు ఇప్పుడు పొలం అమ్మే సంగతి కూడా అతడి చెవిన పడింది. గోడ అవతల మాట్లాడుకున్నా పిల్లలకు వినబడుతుంది. ఎకరం పొలం తన కోసం పోయిందని తెలిసిన పిల్లవాడు కాలేజీలో ఒక్క సబ్జెక్టు తప్పినా ఇంటికొచ్చి చెప్పలేడు. మీరు చేయబోయేది త్యాగమే, కాదనను, కానీ దాని బరువు మోయవలసింది అతడు.

ఇక ఏఐ అండ్ ఎంఎల్ సీటు. ఈ బ్రాంచి పేరు చెప్పగానే తల్లిదండ్రుల కళ్లలో వెలుగు కనిపిస్తోంది కాబట్టి దీని మీద నాకున్న సందేహాలు కొంచెం విడమరచి చెప్పాలి. కృత్రిమ మేధ గొప్ప రంగమే, అందులో నాకు అనుమానం లేదు. అనుమానమల్లా ఆ పేరు తగిలించుకున్న ప్రతి సీటు మీదా ఉంది. ఐఐటీ హైదరాబాద్ కృత్రిమ మేధలో బీటెక్‌ను 2019లో ప్రారంభించినప్పుడు పెట్టిన సీట్లు 20. ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే మన రాష్ట్రంలో సివిల్, మెకానికల్ సీట్లను తగ్గించుకుని మరీ కాలేజీలు ఈ బ్రాంచిని సెక్షన్ల మీద సెక్షన్లుగా తెరిచాయి. ప్రయోగశాల బోర్డు మార్చడానికి ఒక పూట చాలు, న్యూరల్ నెట్‌వర్కులను అర్థమయ్యేలా చెప్పగల అధ్యాపకుడు తయారు కావడానికి ఏళ్లు పడుతుంది. ఇన్ని సెక్షన్లకు అలాంటి అధ్యాపకులు ఎక్కడి నుంచి వచ్చారని అడిగే తల్లిదండ్రులు చాలా అరుదు.

సిలబస్ కాగితం తీసి చూడండి. మొదటి రెండేళ్లలో గణితం, ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్ ఉంటాయి, మామూలు సీఎస్ఈలోనూ ఇంచుమించు ఇవే. తేడా వచ్చేది చివరి రెండేళ్లలోని కొన్ని సబ్జెక్టుల్లోనే. ఆ సబ్జెక్టులకు పునాది లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ. అవి ఒంటబట్టనివాడు సాఫ్ట్‌వేర్ లైబ్రరీల్లోని రెడీమేడ్ కోడ్ నడపడం నేర్చుకుంటాడు, మోడల్ తప్పు జవాబు ఇచ్చినప్పుడు ఎందుకిచ్చిందో చెప్పలేడు. మామూలు సీఎస్ఈలోనో, ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్)లోనో చేరినవాడు ఇదే రంగంలోకి రావాలంటే దారి మూసుకుపోలేదు. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం 18 నుంచి 20 క్రెడిట్లు అదనంగా చదివి రెండో రంగంలో మైనర్ డిగ్రీ తీసుకునే వీలు కల్పిస్తున్న కాలేజీలు ఉన్నాయి. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ వేదికలో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా వినవచ్చు. ఐఐటీ మద్రాస్ నడిపే డేటా సైన్స్ బీఎస్ కోర్సుకు జేఈఈ అవసరమే లేదు, వారి క్వాలిఫయర్ దాటితే బీటెక్ చదువుతూనే చేరవచ్చు. పద్దెనిమిదేళ్ల వయసులో ఎంచుకున్న బ్రాంచి పేరుకు, ఇరవై రెండేళ్లకు చేసే పనికి మధ్య మనం ఊహించుకునేంత గట్టి ముడి లేదు.

ఆ కాలేజీ గురించి తెలుసుకోవాలంటే హోర్డింగు మీది అత్యధిక ప్యాకేజీ చూడకండి, అది ఒక్క విద్యార్థికి వచ్చిన జీతం. కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగుకు దరఖాస్తు చేసే కాలేజీలు తాము సమర్పించిన వివరాలను తమ వెబ్‌సైట్‌లోనే పెడతాయి. అందులో నాలుగేళ్ల యూజీ కోర్సుల పట్టిక తెరవండి. మొదటి ఏడాది ఎంతమంది చేరారు, నిర్ణీత కాలంలో ఎంతమంది పూర్తి చేశారు, వారిలో ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, మీడియన్ జీతం ఎంత అనేవి వరుసగా కనిపిస్తాయి. మీడియన్ అంటే ఉద్యోగం వచ్చినవారిలో సగం మందికి అంతకంటే తక్కువే వచ్చిందని అర్థం. చేరినవారికీ, సకాలంలో బయటపడినవారికీ మధ్య తేడా ఎక్కువగా ఉంటే అక్కడే ఆగండి. తర్వాత ఆ బ్రాంచికి ఎన్‌బీఏ గుర్తింపు ఉందా అని అడగండి. రెండూ నాణ్యత గుర్తింపులే, కానీ న్యాక్ గ్రేడు మొత్తం కాలేజీకి ఇచ్చేది, ఎన్‌బీఏ ఒక్కో బ్రాంచికి విడిగా ఇచ్చేది. చివరిగా, అడ్వాన్సుకు, అడిగిన పూర్తి మొత్తానికి రసీదు ఇస్తారా అని అడగండి. సీటు కోసం అసలు ఫీజుకు మించి వసూలు చేసే క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ ఉమ్మడి రాష్ట్రంలో 1983లోనే చట్టం వచ్చింది. రసీదు ఇవ్వలేని డబ్బు అడిగేవాళ్లు మీ అబ్బాయి చదువు గురించి ఆలోచిస్తున్నారని నేను అనుకోను. వారంలోగా కట్టమనడం మిమ్మల్ని తొందరపెట్టడానికే.

లాంగ్‌టర్మ్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నిబంధనల ప్రకారం మెయిన్‌ను వరుసగా మూడేళ్లు, అడ్వాన్స్‌డ్‌ను వరుసగా రెండేళ్లలో రెండుసార్లు రాయవచ్చు కాబట్టి అవకాశం ఉంది. కానీ తిండీ నిద్రా లేని ఈ స్థితిలో పిల్లవాడిని మరో ఏడాది అదే హాస్టల్ గదికి, అదే వారాంతపు పరీక్షలకు పంపడం నాకు ససేమిరా ఇష్టం లేదు. అతడు కోలుకున్నాక, తనంతట తానే వచ్చి మళ్లీ రాస్తానని అడిగితే, ఎక్కడ మార్కులు పోయాయో తానే చెప్పగలిగితే, ఏడాది తర్వాత కూడా అనుకున్న ర్యాంకు రాకపోతే ఏం చేస్తాడో అతడి దగ్గర జవాబు ఉంటే, అప్పుడు ఆలోచించండి. మీరు బతిమాలితేనో, బంధువులు చెబితేనో ఒప్పుకున్న లాంగ్‌టర్మ్ వల్ల మేలు జరగదు. ఐఐటీలోనే చదవాలన్న కోరిక అతడికి నిజంగా ఉంటే బీటెక్ తర్వాత గేట్ రాసి ఎంటెక్‌కు వెళ్లే దారి ఉంది, అప్పటికి ఆ కోరిక ఎవరిదో కూడా తేలుతుంది.

మీరు అడిగింది రెండింటి మధ్య పోలిక, నేను చెబుతున్నది మూడో దారి. రెండు వారాల్లో ఉన్న ఎప్‌సెట్‌ను అతడు ప్రశాంతంగా రాయనివ్వండి. తెలంగాణలో 2023 నుంచి ఇంటర్ మార్కుల వెయిటేజీ లేదు, మూడు గంటల్లో 160 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు. జేఈఈకి చదివిన పిల్లలకు ఇందులో విషయం కొత్త కాదు, వేగమే కొత్త. ఒక్క లెక్కనే పట్టుకుని ఐదు నిమిషాలు కూర్చునే అలవాటు మానడానికి రోజుకు ఒక మోడల్ పేపరు రాసి, రాత్రి పదిన్నరకు పడుకుంటే చాలు. మెయిన్‌లో 91 తెచ్చుకున్నవాడు నిద్రపోయి లేచి ఈ పరీక్ష రాస్తే కన్వీనర్ కోటాలో, అంటే ఎప్‌సెట్ ర్యాంకుతో కౌన్సెలింగ్ ద్వారా, చెప్పుకోదగ్గ కాలేజీలో సీటు తెచ్చుకోగలడు, ఈ మాట నేను ఊరడింపుగా చెప్పడం లేదు. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు ఆ కోటాలోనే ఉన్నాయి. మంచి కాలేజీలో ఈసీఈ, అంతంతమాత్రం కాలేజీలో ఏఐ అండ్ ఎంఎల్ ఎదురైతే నేనైతే మొదటిదే తీసుకోమంటాను, పిల్లవాడికి ఎలక్ట్రానిక్స్ అంటే వెగటు లేకపోతే.

కౌన్సెలింగ్‌లో కాలేజీల ఆప్షన్లు పెట్టేటప్పుడు అతడినే పక్కన కూర్చోబెట్టుకుని, అతడికి నచ్చిన వరుసలోనే పెట్టనివ్వండి. గత ఏడాది చివరి ర్యాంకులు చూసి రాదేమోనని మంచి కాలేజీని కిందికి తోయవద్దు, పైన పెట్టినంత మాత్రాన కింది ఆప్షన్లకు నష్టం లేదు. మొదటి విడతలో సీటు వస్తే ఫీజు కట్టి ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయడం మరవకండి, చేయకపోతే ఆ సీటు రద్దవుతుంది. చేసిన తర్వాత కూడా రెండో విడతలో మెరుగైన దాని కోసం ప్రయత్నించవచ్చు. మేనేజ్‌మెంట్ సీటు ఇస్తామన్న కాలేజీకి రేపే ఫోన్ చేసి, ఎప్‌సెట్ కౌన్సెలింగ్ ముగిసేదాకా ఏ మాటా చెప్పలేమనండి. ఆ ఫోన్ అబ్బాయి వినేలా చేయండి, పొలం అమ్మడం లేదని కూడా అతడికి మీ నోటితోనే చెప్పండి.