ఫోన్‌లో జట్టు నడుపుతానన్న అల్లుడికి

శ్రీకాకుళం,
జూలై 2020

అల్లుడూ,

కరోనాతో గ్రౌండ్ మూతపడినా నీ ఫుట్‌బాల్ పిల్లల్ని వదలకుండా వాట్సాప్‌లో ప్రాక్టీస్ పెడతానంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "ఉద్యోగం చూసుకోరా అంటే గుంటల్ని చూసుకుంటానంటాడు" అని తిట్టింది గానీ, ఆ గొంతులో మురిపెం దాగలేదు. డ్రిల్ మాస్టారుగా రిటైరైన నాకే ఈ ఆలోచన రాలేదు. సంతోషంతో పాటు భయం కూడా పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

వ్యాయామం సంగతి నీకు తెలుసు. ఫిఫా వాళ్ల 11+ వార్మప్ 20 నిమిషాల పని. అందులో ప్లాంక్, స్క్వాట్స్, ఒంటికాలి మీద నిలబడటం వాకిట్లోనే అయిపోతాయి. గోడ ఉన్నవాళ్లు ఎడమకాలితో గోడకు కొట్టి తీసుకోవాలి. మిట్టమధ్యాహ్నం వద్దు. మాస్కు పెట్టి పరిగెత్తించకు, మనిషికీ మనిషికీ దూరం పెట్టు. స్టోర్ రూమ్‌లో పడున్న బంతులు సబ్బునీళ్లతో కడిగి పంచెయ్యి. 12 ఏళ్ల లోపు వాళ్లకి 4వ నంబరు, పైవాళ్లకి 5వ నంబరు. పోతే పోతాయి. గాలి దిగి గదిలో మూలుగుతున్న బంతి ఎవడికి కావాలి?

బంతి నేల తగలకుండా ఎవరు ఎన్నిసార్లు ఆడించారో వీడియో పెట్టమనే పోటీ మాత్రం పెట్టకు. మార్చిలో పెద్ద పెద్ద ఆటగాళ్లు టాయిలెట్ పేపర్ చుట్టతో అలా ఆడి వీడియోలు పెట్టారు. మన ఇళ్లల్లో ఆ చుట్టే ఉండదు, అది వేరే సంగతి. ఇంటికి ఒక్క ఫోన్, అది నాన్న జేబులో ఉంటుంది. వీడియో పెట్టలేని పిల్లాడు రెండు రోజులు చూస్తాడు, తర్వాత మాటామంతీ లేకుండా జారుకుంటాడు. చివరికి నీకు మిగిలేది స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్ల జట్టు.

నీకు కోపం వచ్చినా సరే, ఒక పాత సంగతి ఎత్తాలి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. రోజుల తరబడి కరెంటు లేదు. నువ్వు పిల్లల జట్టుని చేతిలోకి తీసుకుని అప్పటికి ఎన్నాళ్లో కాలేదు. దారులు తెరుచుకోగానే ప్రాక్టీస్ మొదలెట్టి హాజరు పట్టీ తీశావు. వరసగా మూడు రోజులు రానివాళ్ల పేర్లు కొట్టేశావు. ఏమిట్రా అంటే క్రమశిక్షణ అన్నావు. ఆ లెఫ్ట్ వింగ్ గుంటడు గుర్తున్నాడా, బారువ వైపు నుంచి సైకిలు మీద వచ్చేవాడు? పడిన చెట్లు కోసి ఈడ్వడానికి వాళ్ల నాన్నకి సాయంగా తోటలో ఉండిపోయాడు. పని తెమిలాక వచ్చాడు. పట్టీలో పేరు లేదని ఎవరో చెప్పారు. గోల్‌పోస్టు వెనక కాసేపు నిలబడి ఆట చూశాడు. నువ్వు చూశావు, పిలవలేదు. నెల తిరగకుండా చెన్నైలో సెంట్రింగ్ పనికి వెళ్లిపోయాడని విన్నాం.

పిలిచి ఉంటే ఆగేవాడని నేననను. మళ్లీ వేసిన కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది, ఈలోగా ఆ ఇల్లు గడవాలి. కానీ పండక్కి ఊరొచ్చినప్పుడు బూట్లు వేసుకుని మన గ్రౌండ్‌కే వచ్చేవాడు. ఇప్పుడు ఊరొచ్చినా ఆ దారిన రాడట. స్టామినా పోతే కొన్ని వారాల్లో మళ్లీ తెచ్చుకోవచ్చు. ఇలా ముఖం తిప్పుకున్న పిల్లాణ్ణి ఎక్కడి నుంచి తెస్తావు?

ఇదంతా నిన్ను చిన్నబుచ్చడానికి కాదురా. అప్పటికి నీకే 20 నిండలేదు. ఆ గాలికి మీ ఇంటి రేకులూ లేచిపోయాయి. ఆ మాట ఒక్కడికీ చెప్పకుండా పొద్దున్నే వెళ్లి గ్రౌండ్‌లో పడిన కొమ్మలు ఒక్కడివే లాగావు. మీ అమ్మని చూడ్డానికి వచ్చినవాణ్ణి, అదీ చూశాను.

ఇప్పుడు ప్రతి ఇల్లూ ఆ తోటలాగే ఉంది. గుజరాత్‌లోని వేరావల్‌లో చిక్కుకుపోయిన మన మత్స్యకారులు ఏప్రిల్ ఆఖర్న బస్సులెక్కి, క్వారంటైన్ గడిపి ఇళ్లకి చేరారు. ఆ ఇళ్ల పిల్లలు నీ జట్టులో లేరా? అందుకని హాజరు మాటెత్తకు. రానివాడికే ముందు ఫోన్ చెయ్యి. సాయంత్రం, వాళ్ల నాన్న ఇంటికి చేరే వేళకి చెయ్యి. వాళ్లమ్మతో మాట్లాడు, తిన్నారా అని అడుగు, ఆట సంగతి తర్వాత. అందరికీ నువ్వే చేస్తే వారానికే విసుగొస్తుంది. నలుగురేసి చిన్నవాళ్లని ఒక్కో సీనియర్‌కి అప్పజెప్పు. కరోనా వచ్చిందని ఎవరి వీధికైనా కర్రలు కట్టేశారంటే ఆరోజు జట్టంతా ఆ వీధి పిల్లలకి ఫోన్ చెయ్యాలి. ఊరు వెలేసినట్టు చూసే రోజులివి.

ఆట నేర్పడానికి మామూలు ఫోన్ చాలు. ఒక్కొక్కరూ 22 చింతగింజలు తీసుకుని, అష్టాచెమ్మాకి అరగదీసినట్టు 11 గింజల్ని అరగదీయాలి. నేల మీద సుద్దతో గ్రౌండ్ గీసుకోవాలి. నువ్వు చెబుతుంటే గింజలు జరపాలి. ఆఫ్‌సైడ్ బుర్రకెక్కనివాళ్లకి ఇంతకంటే మంచి అదను రాదు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్ పెట్టు. దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం. తలకి కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని కోచ్ రహీం సాబ్ ఫార్వర్డ్‌లో నిలబెడితే గోల్ కొట్టాడు. అంతకు ముందు పడిన మొదటి గోల్ పీకే బెనర్జీది. ఆ బెనర్జీ ఈ మార్చి 20న, ఆనాటి కెప్టెన్ చునీ గోస్వామి ఏప్రిల్ 30న పోయారు. ఈ గొడవలో పిల్లల చెవికి ఆ పేర్లే పడలేదు. వెనక ఉండాల్సిన గింజ ముందుకెందుకు వచ్చిందో వాళ్లనే చెప్పమను. రహీం సాబ్ మన హైదరాబాద్ మాస్టారేనని కూడా చెప్పు.

నాకు నిద్ర పట్టనివ్వనివి రెండున్నాయి. ఒకటి నీళ్లు. బడి లేని పిల్లలు బారువ సముద్రానికో, మహేంద్రతనయకో పోతారు. ఒడిశా కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే ఏరు పొంగుతుంది. ఫోన్ చేసిన ప్రతిసారీ ఈ మాట చెప్పు, నస అనుకున్నా సరే. రెండోది ఆడపిల్లలు. బడి ఎలాగూ లేదు, పదిమందితో పెళ్లి చవగ్గా అయిపోతుందని లెక్క వేసే ఇళ్లున్నాయి. నీ గోల్‌కీపర్ వారం రోజులు ఫోన్‌కి రాకపోతే డేటా అయిపోయిందనుకోకు. అంగన్‌వాడీ టీచరుని కనుక్కో. అవసరమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి, మొహమాటపడకు.

గ్రౌండ్ తెరిచిన రోజే మ్యాచ్ పెట్టెయ్యాలని నీ కాళ్లు లాగుతాయి, నాకు తెలుసు. జర్మనీ లీగ్ మే 16న మళ్లీ మొదలైంది. ముగ్గురికి బదులు అయిదుగురిని మార్చుకోవచ్చని అంతకు ముందే రూల్ సడలించారు. జీతాలిచ్చి, డాక్టర్లని పెట్టి చూసుకునే ఒళ్లకే అంత జాగ్రత్త. నీ పిల్లలకి మొదటి వారాలు సగం పనే ఇవ్వు. కరోనా వచ్చి తగ్గినవాళ్లని డాక్టర్ సరేననే దాకా బంతి ముట్టనివ్వకు.

ఎంతకీ ఫోన్ ఎత్తని పిల్లల నంబర్లు నాకు పంపించు. వాళ్ల నాన్నల్లో కొందరు నా విజిల్ విన్నవాళ్లే, నా గొంతు వింటే ఫోన్ పెట్టెయ్యరు. బంతి పంపూ, సూదులూ పంపిస్తున్నాను. సూదులు మీ అమ్మ చేతికివ్వకు, ఎక్కడో దాచి మర్చిపోతుంది.

ఇట్లు,
మీ మావయ్య