బావ పోయాక ఎవరెవరికి చెప్పాలి: మేనకోడలికి ఒక లేఖ

బరంపురం

అమ్మలూ,

పన్నెండో రోజు అయిపోయింది, చుట్టాలంతా ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. నువ్వు సెలవు ఇంకో వారం పొడిగించావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎక్కడెక్కడ తెలియజేయాలి, ఎక్కడెక్కడ పేరు తీయించాలి అని లిస్టు రాస్తే రెండు పేజీలైందని టెన్షన్ పడుతున్నావట. అందులో ఈ వారం కదలాల్సినవి మూడో నాలుగో, అంతే. బ్యాంకు కౌంటరుకి అవతల కూర్చుని ఇన్నేళ్లు ఇలాంటి కాగితాలే చూసినవాణ్ణి కాబట్టి నాకు తోచిన వరుసలో రాస్తున్నాను.

ముందు మరణ ధ్రువపత్రం. మనిషిది ఏ ఊరైనా, మరణం నమోదయ్యేది పోయిన చోటే. బావ విశాఖపట్నం ఆసుపత్రిలో పోయాడు కాబట్టి ఆ కాగితం జీవీఎంసీ, అంటే విశాఖ నగరపాలక సంస్థ నుంచి రావాలి, ఒడిశాలో ఉన్న మన పర్లాకిమిడి మున్సిపాలిటీ చుట్టూ తిరిగి లాభం లేదు. మనవైపు చాలామంది తడబడేది ఇక్కడే. జబ్బు ముదిరితే శ్రీకాకుళమో విశాఖో తీసుకెళ్తాం, తర్వాత సర్టిఫికెట్ మాత్రం ఇంటి దగ్గర అడుగుతాం. ఆసుపత్రిలో పోతే రిజిస్ట్రారుకి తెలియజేయాల్సింది ఆసుపత్రివాళ్లు, ఇంట్లో పోతే ఇంటివాళ్లు. గడువు 21 రోజులు. అది దాటినా 30 రోజుల్లోపైతే ఆలస్య రుసుముతో పోతుంది, ఆపైన అనుమతులూ అఫిడవిట్లూ. ఆసుపత్రికి ఈరోజే ఫోన్ చేసి, ఏ తేదీన పంపారో, పేరు ఎలా రాసి పంపారో కనుక్కో.

ఆ పేరు సంగతే అసలు తలనొప్పి. ఒడియా రికార్డుల్లో మన ‘వెంకట’ కాస్తా ‘బెంకట’ అవుతుంది, ఇంగ్లీషులోకీ అలాగే దిగుతుంది. సర్వీసు పుస్తకంలో ఇంటిపేరు చివర ఉంటుంది, ఆధార్‌లో ముందు పొడి అక్షరంగా ఉంటుంది. ఆసుపత్రిలో అడ్మిషన్ చీటీ రాసిన కుర్రాడు ఇంకోలా రాసి ఉంటాడు. సర్టిఫికెట్‌లో ఆధార్‌లో ఉన్నట్టే పడేలా ఇప్పుడే పట్టుబట్టు. పాత కాగితాల్లో ఉన్న తేడాలన్నీ రాసి, ‘ఈ పేర్లన్నీ ఒకే మనిషివి’ అని నోటరీ దగ్గర ఒక అఫిడవిట్ చేయించు, ప్రతి చోటా జత చేయొచ్చు. సర్టిఫికెట్ అసలు ప్రతులు నాలుగైదు తీసుకో. చట్టం ప్రకారం అందులో ఎలా పోయారన్నది రాయరు. ఇన్సూరెన్సు వాళ్లు మాత్రం అదే అడుగుతారు. అందుకని మరణ కారణం రాసిన డాక్టరు కాగితం నకలు కూడా ఆసుపత్రి నుంచి తెచ్చుకో.

రెండోది ట్రెజరీ. బావ సర్కారు హైస్కూలు మాస్టారుగా రిటైరయ్యాడు, కాబట్టి అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. పీపీవోలో, అంటే పెన్షన్ మంజూరు చేసిన ఉత్తర్వులో, అమ్మ పేరుంటే పని సులువు. ఇక్కడ ఒక్క మాట గుర్తుపెట్టుకో: బావ పోయాక వచ్చే నెలల పెన్షన్ అలవాటుగా ఖాతాలో పడుతూనే ఉంటుంది, ఎవరూ చెప్పకపోతే. అది మన డబ్బు కాదు, తర్వాత వెనక్కి కట్టించుకుంటారు. ఏటీఎం కార్డు పక్కన పెట్టేయండి.

మూడోది బ్యాంకు. అమ్మతో జాయింటుగా, ఈదర్ ఆర్ సర్వైవర్ (ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవాళ్లు) అని ఉన్న ఖాతా అమ్మ నడుపుకోవచ్చు, బావ పేరు తీసేస్తే చాలు. బావ ఒక్కడి పేరున ఉన్నదానికి నామినీ ఎవరో చూడు. ఒకవేళ నామినీగా నీ పేరుంటే మొత్తం నీదే అనుకోకు, నామినీ చేతికి వచ్చేది వారసులందరి తరఫునా వచ్చినట్టు. తమ్ముడితో ముందే మాట్లాడుకోండి. కాగితాలన్నీ అందాక 15 రోజుల్లో క్లెయిము తేల్చాలని రిజర్వు బ్యాంకు నియమం, అందుకే ఇచ్చిన రోజునే తేదీ వేసిన రసీదు తీసుకో. పాస్‌బుక్కు ఏడాది వెనక్కి తిరగేయి. 436 రూపాయలు కోత పడితే అది జీవన్ జ్యోతి బీమా, 20 రూపాయలైతే సురక్షా బీమా. బావ వయసుకి మొదటిది ఉండదు, రెండోది ప్రమాదానికే పనికొస్తుంది. అయినా ఇంకే పాలసీలు ఉన్నాయో ఆ ఎంట్రీలే చెబుతాయి.

అమ్మని కౌంటర్ల చుట్టూ తిప్పకు. నేను చూశాను కదా. ఒక టేబుల్ దగ్గర ‘ఎప్పుడు పోయారు’ అంటారు, పక్క టేబుల్ దగ్గర మళ్లీ అదే. నాలుగో మనిషి అడిగేసరికి ఒకావిడ జవాబు చెప్పకుండా చేతిలో పాస్‌బుక్కుని చుట్టగా చుట్టేస్తూ నిలబడిపోయింది. ట్రెజరీలోనూ బ్యాంకులోనూ అమ్మ ఎదురుగా ఉండాల్సిన పని ఉంటుంది, ఆ రెండూ ఒకే రోజు పెట్టుకుందాం. మిగతావి నువ్వే చూసుకో.

బావ ఫోన్ నంబరు మాత్రం అప్పుడే తీయించేయకు. రీచార్జి చేయిస్తూ ఉండు. బ్యాంకు, ఆదాయపు పన్ను, గ్యాసు అన్నిటి కబుర్లూ దానికే వస్తాయి. అలాగని ఓటీపీ వస్తోంది కదా అని ఆ ఖాతాలోంచి డబ్బు మార్చొద్దు, అది తప్పే. ‘మీ నాన్నగారి పాలసీ డబ్బు వచ్చింది, ముందు ఫీజు కట్టండి’ అని ఫోన్లు కూడా వస్తాయి. వాట్సాప్‌లో పెట్టిన ఫోటో మీద పుట్టినతేదీ, నంబరు ఉంటే తీసేయి.

స్కూటరు తమ్ముడు వాడుతున్నాడట. పోయిన 30 రోజుల్లోపు ఆర్టీవోకి తెలియజేసి, మూడు నెలల్లోపు బండి పేరు మార్పుకి ఫారం 31 ఇవ్వాలి. ఇన్సూరెన్సు కూడా పేరు మార్పించాలి. లేకపోతే ఏదైనా దెబ్బ తగిలినప్పుడు తెలుస్తుంది.

భూమి తొందర లేదు, కానీ అందరికంటే ఎక్కువ తిప్పేది అదే. 1936లో ఒడిశా వేరైనప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, నాలుగు అడుగుల దూరంలోని పాతపట్నం మద్రాసు వైపే ఉండిపోయింది. మనలాంటివాళ్ల పొలాలు అప్పటినుంచీ రెండు సర్కార్ల కింద ఉన్నాయి. పర్లాకిమిడి తహశీల్దారు ఇచ్చే వారసత్వ పత్రం ముందు తీసుకో, ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) వచ్చి విచారిస్తాడు, ఇరుగుపొరుగు ఇద్దరికి ముందే చెప్పి ఉంచు. ఆ పత్రంతో ఇటు పొలానికి మ్యుటేషన్, అంటే రికార్డుల్లో పేరు మార్పు, పెట్టాలి. అటు పొలానికి పాతపట్నం తహశీల్దారు ఆఫీసులో విడిగా దరఖాస్తు చేసుకోవాలి.

రేషన్ కార్డులో పేరు, ఓటరు జాబితాకి ఫారం 7, గ్యాసు, కరెంటు మీటరు ఇవన్నీ ఈ నెలా వచ్చే నెలా చూసుకోవచ్చు. ఆధార్ వెబ్‌సైటులో ఇంట్లోవాళ్ల మరణం తెలిపే వీలు 2025 నుంచి ఉంది. పాన్ కార్డు ఆఖరున. పోయిన రోజు వరకూ వచ్చిన ఆదాయానికి రిటర్ను వారసులు వేయాలి, రీఫండు ఉంటే అది వచ్చాకే పాన్ వెనక్కి ఇవ్వాలి.

మనుషుల విషయానికొస్తే, వాట్సాప్‌లో పెట్టాం కదా అని ఊరుకోకు. రాయగడలో ఉన్న మీ పెద్దత్తయ్యకి మెసేజ్ చదివి చెప్పేవాళ్లు లేరు, గొంతు వినిపించాలి. బావతో పనిచేసిన మాస్టార్లకీ, చీటీ నడిపేవాళ్లకీ, చేబదులు తీసుకున్నవాళ్లకీ కూడా చెప్పాలి. ఆయన డైరీ చివరి పేజీల్లో లెక్కలు రాసేవాడు, అది చూస్తే ఎవరు ఇవ్వాలో, మనం ఎవరికి ఇవ్వాలో తెలుస్తుంది. మనం ఇవ్వాల్సినవి ముందు తీర్చేద్దాం.

శుక్రవారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను. పీపీవో, జాయింట్ ఫోటో, పాస్‌బుక్కులు ఒక సంచిలో పెట్టి ఉంచు, ట్రెజరీ దరఖాస్తు ఇద్దరం కూర్చుని నింపుదాం. అమ్మ సంతకం పీపీవోలో ఒడియాలో ఉందో తెలుగులో ఉందో చూసి ఫోన్ చెయ్యి.

మీ మావయ్య